పిడికెడు బియ్యంతో కొన్న గిటారు

మా సంఘంలో స్త్రీల సమాజంవారికి ఒక మంచి అలవాటు ఉంది. పూట పూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం ఆలయానికి తెస్తారు. అలా పోగైన బియ్యం అమ్మి, రెండేళ్లు కూడబెట్టి, యవ్వనస్థుల క్వయరు కొరకు ఒక బేస్ గిటారు కొని ఇచ్చారు. ధర 12,000 రూపాయలు. క్రిస్మస్ ఆరాధనలో అయ్యగారు దానిమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి ప్రతిష్ఠించారు.

మరుసటి క్రిస్మస్ నాటికి ఆ గిటారు నల్ల సంచిలో, ప్రసంగ వేదిక వెనుక, పాత హార్మోనియం పెట్టె పక్కన పడి ఉంది. కమిటీలో యవ్వనస్థుల నాయకుడు లేచి, "అది చవక గిటారండి. పనికిరాదు. కనీసం 40,000 పెట్టి మంచిది కొనాలి" అన్నాడు.

సంఘ పెద్ద ఒకాయన నెమ్మదిగా అడిగారు. "దానిలో లోపమేమిటి బాబూ?"

"సౌండు బాగోదండి."

"ఎందుకు బాగోదు?"

ఆ ప్రశ్నకు ఎవరివద్దా జవాబు లేదు. స్త్రీల సమాజం తరఫున వచ్చిన పెద్దామె ఒకరు వెనుక బల్లమీద కూర్చుని, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ తలదించుకున్నారు. ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనమే నన్ను కదిలించింది. నేను ముప్పై ఏళ్లు రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసుకుని బ్రతికినవాణ్ణి. "ఒక వారం నాకు గడువివ్వండి" అని అడిగాను.

ఆ సాయంత్రమే గిటారు వాయించే కుర్రవాడు సంచి భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చాడు. "అంకుల్, గంటసేపు వాయిస్తే వేళ్లు బొబ్బలెక్కుతున్నాయి. మెడమీద పైపైకి వెళ్తే శ్రుతి తప్పుతోంది. ఒక్కోసారి తీగ ముట్టుకుంటే కరెంటు చిమచిమలాడుతోంది. అందుకే మానేశాను" అన్నాడు.

ఈ మూడు ఫిర్యాదులు జ్ఞాపకం ఉంచుకోండి. వీటిలో ఏ ఒక్కటీ ఆ గిటారు చవకది కావడంవల్ల వచ్చినది కాదు. ఆ వారమంతా మేమిద్దరం చేసిన పనినే ఇక్కడ వ్రాస్తున్నాను. మీ సంఘంలో కూడా అలాంటి గిటారు ఏ మూలనైనా ఉంటే ఇది మీకు ఉపయోగపడుతుంది.

బేస్ గిటారు ఎలా పుట్టింది?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫుల్లర్టన్ అనే ఊరుంది. అక్కడ లియో ఫెండర్ అనే ఆయన 1938లో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. కాని వాయించేవారు చెప్పే కష్టాలు శ్రద్ధగా వినేవాడు. ఆ రోజులలో మంద్రస్వరం కావాలంటే మనిషంత ఎత్తుండే డబుల్ బేస్ మోసుకుపోవాలి. ఇతర వాద్యాలమధ్య అది వినబడేది కాదు. 1951లో ఆయన భుజానికి తగిలించుకునే 'ప్రెసిషన్ బేస్' తయారుచేశాడు. మెడమీద ఫ్రెట్లు ఉన్నందున వేలు పెట్టినచోట స్వరం ఖచ్చితంగా పలికేది. అందుకే ఆ పేరు. 1960లో 'జాజ్ బేస్' వచ్చింది.

ఇప్పుడు బజారులో దొరికే చవక బేసులలో చాలావరకు ఈ రెండింటి పోలికలే. ఫెండర్ తన గిటారును మెకానిక్కు చూపుతో తయారుచేశాడు. మెడను బాడీకి జిగురుతో అతికించక స్క్రూలతో బిగించాడు. ప్రతి భాగమూ విప్పవచ్చు, సవరించవచ్చు, మార్చవచ్చు. మన చేతిలో ఉన్న చవక గిటారుకు కూడా ఈ మేలు సంక్రమించింది.

ఇక మన పాటలలో దీని పని ఏమిటి? ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో చాలా పాటలు మన రాగాలలోనే కట్టినవి. హార్మోనియం రాగాన్ని పట్టుకుంటుంది, డోలక్ తాళాన్ని పట్టుకుంటుంది. ఈ రెండింటినీ కలిపి ఉంచేది బేస్. షడ్జమం, పంచమం సమయానికి నిండుగా మోగితే చాలు, సంఘం శ్రుతి జారకుండా పాడుతుంది. వేగంగా వేళ్లు కదిపే విద్య దీనికి అక్కరలేదు. కాని ఆ రెండు మూడు స్వరాలూ శ్రుతిలో ఉండి తీరాలి.

మొదటి పని: తీగలు

మేము సంచి విప్పేసరికి తీగలు తుప్పుపట్టి ఉన్నాయి. కొన్నది మొదలు ఒక్కసారి కూడా మార్చలేదు. చెమట, ఉప్పుగాలి, దుమ్ము కలిసి తీగ చుట్ల సందులలో చేరితే స్వరం మొద్దుబారుతుంది, శ్రుతి కూడా సరిగా నిలవదు. చవక గిటారుకు మీరు చేయగల మొదటి మేలు, దుకాణంనుండి వచ్చిన తీగలు తీసివేసి మంచి తీగలు వేయడం. 0.045 నుండి 0.105 అంగుళాల మందంగల సెట్టు సాధారణ వాడుకకు సరిపోతుంది. మాకు సుమారు 2,000 రూపాయలు అయింది.

తీగలలో రెండు రకాలున్నాయి. రౌండ్‌వౌండ్ తీగ చేతికి గరుకుగా ఉండి ఖంగుమని మోగుతుంది. ఫ్లాట్‌వౌండ్ తీగ నున్నగా ఉండి మెత్తగా, గుండ్రంగా పలుకుతుంది, ఎక్కువకాలం మన్నుతుంది. పాత కీర్తనలు ఎక్కువగా పాడే సంఘానికి ఫ్లాట్‌వౌండ్ బాగా నప్పుతుంది. ధర మాత్రం ఎక్కువ.

కొత్త తీగలకు డబ్బు లేకపోతే పాతవి విప్పి, పది నిమిషాలు నీళ్లలో మరిగించి, బాగా తుడిచి, పూర్తిగా ఆరబెట్టి వేయవచ్చు. మురికి వదిలి కొన్నాళ్లు కొత్త మోత వస్తుంది. కాని తడి మిగిలితే మరింత తుప్పు పడుతుంది. ప్రతి ఆరాధన తరువాత పాత నూలు పంచె ముక్కతో తీగలు తుడవడం దీనికన్నా మంచి పద్ధతి. దీనికి ఖర్చేమీ లేదు.

రెండవ పని: మెడ వంపు

నాలుగు తీగలనూ శ్రుతి చేసినప్పుడు గిటారు మెడమీద పడే లాగుడు ఇంచుమించు ఒక ధాన్యం బస్తా బరువంత ఉంటుంది. ఆ లాగుడుకు మెడ ముందుకు వంగకుండా లోపల ఒక ఉక్కు కడ్డీ పెడతారు. దానిని ట్రస్ రాడ్ అంటారు. మన ఎండలకు, వానలకు, రేకుల కప్పు కింది వేడికి కర్ర కదులుతుంది. అప్పుడు ఆ కడ్డీని సవరించాలి.

ముందు తీగలను శ్రుతి చేయండి. లావు తీగను ఒక చేత్తో మొదటి ఫ్రెట్టు దగ్గర, మరో చేత్తో చివరి ఫ్రెట్టు దగ్గర నొక్కి పట్టండి. ఏడవ ఎనిమిదవ ఫ్రెట్ల దగ్గర తీగకు, ఫ్రెట్టుకు మధ్య సందు సుమారు 0.3 మిల్లీమీటరు ఉండాలి. కొలవడానికి మోటారుసైకిలు మెకానిక్కు దగ్గర ఉండే ఫీలర్ గేజి చాలు. మా గిటారులో ఆ సందు ఒక మిల్లీమీటరు దాటింది! కుర్రవాడి వేళ్లు బొబ్బలెక్కక ఏమవుతాయి?

సరిపోయే ఎలెన్ కీ పెట్టి గడియారపు ముల్లు తిరిగే వైపు త్రిప్పితే సందు తగ్గుతుంది, ఎదురు వైపు త్రిప్పితే పెరుగుతుంది. ఒక్కసారి పావు చుట్టుకు మించవద్దు. మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ కొలిచి, కొంతసేపు ఆగాలి. మేము రెండు రోజులలో మూడు పావులు త్రిప్పాము. కీ బిగిసి కదలనంటే బలం చూపవద్దు, అక్కడే ఆగి తెలిసినవారికి చూపించండి. ఆ కడ్డీ విరిగితే మెడ మార్చవలసి వస్తుంది.

మూడవ పని: తీగల ఎత్తు

మెడ సరిపడిన తరువాతే తీగల ఎత్తు చూడాలి. ఈ వరుస తప్పితే చేసిన పని మళ్లీ చేయాలి. పన్నెండవ ఫ్రెట్టు పైన ఉక్కు స్కేలు నిలబెట్టి కొలవండి. లావైన ఇ తీగ సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్నని జి తీగ సుమారు 2 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటే వేళ్లకు సుఖం. బ్రిడ్జిమీద ఒక్కొక్క తీగ కింద ఒక చిన్న ఆనుడు ముక్క, దానికి రెండు సన్నని మరలు ఉంటాయి. రెండింటినీ సమానంగా త్రిప్పుతూ ఎత్తు దించాలి. మరీ దించితే తీగ ఫ్రెట్లకు తగిలి గరగరమంటుంది. అప్పుడు కొంచెం పైకెత్తండి.

మొదటి ఫిర్యాదు ఇక్కడితో తీరింది. కుర్రవాడు రెండు కీర్తనలు వాయించి, వేళ్లు చూసుకుని, "ఇది నా గిటారేనా అంకుల్?" అన్నాడు. అప్పటికి అయిన ఖర్చు తీగల ధర మాత్రమే.

నాలుగవ పని: శ్రుతి సవరణ

ఉత్త తీగ శ్రుతిలో ఉన్నా, పైన నొక్కితే ఎందుకు తప్పుతుంది? బ్రిడ్జిమీద తీగ ఆనే చోటు ఒక పిసరు ముందుకో వెనుకకో ఉండటంవల్ల. ఈ రకం బేసులలో తీగ మోగే పొడవు 34 అంగుళాలు, అనగా సుమారు 864 మిల్లీమీటర్లు. పన్నెండవ ఫ్రెట్టు సరిగ్గా దాని సగంలో ఉంటుంది.

పరీక్ష సులువు. పన్నెండవ ఫ్రెట్టు పైన తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే గంటవంటి స్వరం వస్తుంది. తరువాత అదేచోట నొక్కి మీటండి. రెండు స్వరాలూ ట్యూనరులో ఒకేచోట నిలవాలి. ఇప్పుడు సెల్‌ఫోనులోనే ట్యూనరు దొరుకుతుంది గనుక కొనే పని లేదు. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే ఆనుడు ముక్కను మెడకు దూరంగా జరపండి. తగ్గుగా ఉంటే మెడవైపు జరపండి. జరిపిన ప్రతిసారీ తీగను మళ్లీ శ్రుతి చేసి చూడాలి. నాలుగు తీగలకూ కలిపి మాకు గంట పట్టింది. రెండవ ఫిర్యాదు కూడా తీరింది.

ఐదవ పని: నట్టు, ఫ్రెట్ల అంచులు

గిటారు తలదగ్గర తీగలు ఆనే దువ్వెనవంటి తెల్లని పట్టీని నట్టు అంటారు. చవక గిటార్లలో ఇది ప్లాస్టిక్కుది. దాని గాళ్లు తరచు కావలసినంత లోతుగా ఉండవు. మూడవ ఫ్రెట్టు దగ్గర తీగ నొక్కి చూడండి. మొదటి ఫ్రెట్టు పైన తలవెంట్రుక దూరేంత సందు ఉంటే చాలు. ఎక్కువ ఉంటే మొదటి రెండు ఫ్రెట్లలో స్వరం హెచ్చుతుంది, వేలికి శ్రమ కూడా. సన్నని ఆకురాయితో కొద్దికొద్దిగా లోతు చేయాలి. లోతు ఎక్కువైతే వంట సోడా వేసి దానిపై ఒక చుక్క సూపర్ గ్లూ విడిస్తే రాయిలా గట్టిపడుతుంది. మళ్లీ అరగదీయవచ్చు. ఇది తాత్కాలికమే. శాశ్వతంగా కావాలంటే ఎముకతో చేసిన నట్టు వేయించుకోండి.

వేసవిలో మెడ కర్ర ఎండి కుంచించుకుంటే ఫ్రెట్ల కొనలు పక్కకు పొడుచుకువచ్చి చేతిని గీరుతాయి. కర్రకు కాగితపు టేపు అంటించి, ఆ కొనలను సన్న ఆకురాయితో నున్నగా చేయండి. ఇది ఓపిక ఉన్నవారెవరైనా చేయగల పనే. మెడ కర్రకు కొబ్బరినూనె రాయవద్దు. అది జిడ్డుకట్టి మురికి పడుతుంది.

ఆరవ పని: లోపలి వైర్లు

వాల్యూము త్రిప్పితే కరకరమంటే లోపల దుమ్ము చేరిందన్నమాట. రేడియో మెకానిక్కులు వాడే కాంటాక్ట్ క్లీనరు కొట్టి పదిసార్లు అటూఇటూ త్రిప్పండి. అప్పటికీ పోకపోతే 250 కిలో ఓముల కొత్త కంట్రోలు వేయాలి. కొనేముందు రంధ్రం కొలత చూసుకోండి. చాలా చవక గిటార్లలో రంధ్రాలు చిన్నవి, పెద్ద కంట్రోలు పట్టదు. వైరు గుచ్చే జాకు వదులైతే అదికూడా మార్చండి. చవక గిటార్లలో త్వరగా చెడేది ఇదే. ఈ రెండూ కొన్ని వందల రూపాయల పని.

గుంయిమనే మోత వస్తుంటే లోపలి గుంతకు రాగి రేకు టేపు అంటించి, దానిని గ్రౌండు వైరుకు టంకం వేయాలి. ట్యూబ్‌లైట్లనుండి, సెల్‌ఫోను ఛార్జర్లనుండి వచ్చే రొద చాలావరకు తగ్గుతుంది. స్వరం మోసే వైరు మాత్రం ఆ రేకుకు తగలకూడదు. జాజ్ బేస్ రకానికి ఒక చిట్కా ఉంది. దానికి రెండు పికప్‌లు, రెండు వాల్యూములు ఉంటాయి. ఒక్కటే పెంచితే గుంయిమంటుంది. రెండూ సమానంగా పెంచితే ఆ మోత ఒకదానినొకటి కొట్టివేసుకుంటుంది.

ప్రాణానికి సంబంధించిన మాట

మూడవ ఫిర్యాదు, తీగ ముట్టుకుంటే కరెంటు చిమచిమలాడటం, ఇంకా మిగిలింది. ప్రియ పాఠకులారా, ఈ వ్యాసంలో మరేదీ చదవకపోయినా ఈ భాగం చదవండి.

గిటారు తీగలు వైరు ద్వారా యాంప్లిఫయరు లోహపు డబ్బాకు కలిసి ఉంటాయి. ఆ డబ్బా గోడ ప్లగ్గులోని మూడవ పిన్ను ద్వారా భూమికి కలవాలి. ఆ ఎర్తు లేకపోతే, యాంప్లిఫయరులో ఏ లోపమున్నా కరెంటు తీగలమీదికి వస్తుంది. వాయించేవాడు పాడటానికి మైకుకు పెదవి ఆనించినప్పుడు ఆ కరెంటు అతని గుండెగుండా పోవచ్చు. పైగా మన ఆలయాలలో చెప్పులు విడిచి సిమెంటు నేలమీద నిలబడతాము. కడిగిన తడి ఆరకముందే నిలబడటమూ ఉంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 1972 మే 3న బ్రిటనులోని స్వాన్సీ పట్టణంలో లెస్ హార్వే అనే గిటారు వాద్యకారుడు వేదికమీద ఎర్తు లేని మైకు పట్టుకుని మరణించాడు. 2005 అక్టోబరు 30 ఆదివారం, అమెరికాలోని వేకో పట్టణంలో, బాప్తిస్మపు తొట్టిలో నిలిచి మైకు సరిచేయబోయిన ఒక పాస్టరుగారు సంఘం కళ్లెదుటే విద్యుదాఘాతంతో మరణించారు.

మా ఆలయంలో ప్లగ్గు విప్పి చూస్తే మూడవ పిన్ను వెనుక వైరే లేదు! గిటారుకు అందులో తప్పేమీ లేదు. గిటారు మాకు హెచ్చరిక ఇచ్చింది, అంతే. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనును పిలిచి, ఆలయం పక్కన గొయ్యి తీయించి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు పెట్టించాము. మెయిను దగ్గర 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు ఆపివేసే ఆర్.సి.సి.బి. బిగించాము.

మీరు చేయవలసినవి ఇవి. తీగలు చురుక్కుమన్నా, టెస్టరు ఆనిస్తే వెలిగినా వాయించడం వెంటనే ఆపండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరవవద్దు. యాంప్లిఫయరు, మైకు మిక్సరు ఒకే ఎర్తు ఉన్న బోర్డుకు పెట్టండి. పందిరి కూటములలో జనరేటరుమీద వాయించేటప్పుడు మరింత జాగ్రత్త. వాయించేవారి కాళ్లకింద ఎండిన రబ్బరు పరుపు వేయండి. అయితే రబ్బరు పరుపు ఎర్తుకు బదులు కాదు.

స్వరం ఎక్కడ ఆగిపోతోంది?

గిటారు బాగుపడిన తరువాత కూడా "సౌండు బాగోలేదు" అంటే స్పీకరు చూడండి. బేస్ గిటారు ఇ తీగ సెకనుకు 41 కంపనలతో మోగుతుంది. ఆలయం పైన కట్టిన గొట్టపు స్పీకరు మాటలకోసం చేసినది. అంత మంద్రస్వరం దానిలోనుండి రాదు. ఎన్ని వేల పికప్ వేసినా దానిలో వినబడదు, బలవంతం చేస్తే లోపలి యూనిట్ కాలిపోతుంది. 12 లేక 15 అంగుళాల స్పీకరుగల చెక్క పెట్టె కావాలి.

గిటారును నేరుగా మిక్సరు మైకు రంధ్రంలో గుచ్చితే స్వరం నీరసంగా వస్తుంది. రెంటికీ నడుమ డి.ఐ. బాక్సు అనే చిన్న డబ్బా పెడితే నిండుతనం తిరిగివస్తుంది. రేకుల కప్పు, సిమెంటు గోడల ఆలయంలో బేస్ గుమగుమలాడి మాటలను మింగుతుంటే, బ్రిడ్జి దగ్గర తీగల కింద ఒక స్పాంజి ముక్క దూర్చండి. స్వరం పొట్టిగా, స్పష్టంగా వస్తుంది. ఫెండర్ తొలినాటి బేసులలో బ్రిడ్జి మూత కింద స్పాంజి పెట్టేవాడు.

ఎక్కడ ఆపాలి?

ఇంత చేసిన తరువాత యవ్వనస్థులకు ఉత్సాహం వచ్చింది. కొత్త పికప్ వేద్దాం, బ్రిడ్జి మారుద్దాం, మంటలు, సిలువ బొమ్మతో రంగులు వేద్దాం అన్నారు. నేను వద్దనలేదు గాని ఒక లెక్క చెప్పాను. పేరున్న పికప్ ధర ఒక్కోసారి ఈ గిటారు ధరలో సగం దాటుతుంది. దానికి ముందు ఉన్న పికప్ ఎత్తు సరిచేసి చూడండి. చివరి ఫ్రెట్టు దగ్గర తీగ నొక్కినప్పుడు పికప్‌కు, లావు తీగకు మధ్య సుమారు 3 మిల్లీమీటర్లు, సన్న తీగకు సుమారు 2 మిల్లీమీటర్లు ఉంచండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని చెడగొడుతుంది. మా గిటారుకు ఈ సవరణతోనే సరిపోయింది.

1960లలో అమెరికాలోని డిట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ అనే ఆయన వందలాది పాటలకు బేస్ వాయించాడు. అవి లోకసంబంధమైన పాటలే గాని, ఆయన పని విని నేర్చుకోని బేస్ వాద్యకారుడు అరుదు. ఆయన వాడినది మామూలు ప్రెసిషన్ బేస్. ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదట. ఎక్కువగా ఒక్క చూపుడువేలితోనే మీటేవాడు. ఆయన గొప్పతనం సామానులో లేదు.

మరి డబ్బు ఎప్పుడు ఖర్చు చేయాలి? కడ్డీ పనిచేయక మెడ మెలిదిరిగితే, ఫ్రెట్లు లేచిపోతే, శ్రుతి మరలు పళ్లు అరిగి జారిపోతుంటే మార్చవలసినదే. మరమ్మతు ఖర్చు గిటారు ధరను సమీపిస్తుంటే ఆగి ఆలోచించాలి. చవకదానిని ఖరీదైనదానిగా మారుస్తామనుకోవడం కూడా ఒక భ్రమే. అది పలకగలిగినంత పలికించడమే మన వంతు.

రంగుల సంగతి చివరికి కుర్రవాడే తేల్చాడు. గిటారు వెనుకవైపు ఒక చిన్న ఇత్తడి రేకు బిగించి, దానిమీద "స్త్రీల సమాజం కానుక" అని చెక్కించాడు. వాళ్లు చేసిన అలంకారం అదొక్కటే.

అదే గిటారు

తీగలు, జాకు, కంట్రోలు, రాగి టేపు అన్నీ కలిపి 3,000 రూపాయల లోపు అయింది. ఎర్తు పనికి, ఆర్.సి.సి.బి.కి కలిపి దానికి రెట్టింపు పైగా అయింది. కమిటీ ఆ ఖర్చుకు ఒక్కమాట అడ్డుచెప్పలేదు. 40,000 అడిగిన యువకుడే గొయ్యి తవ్వడానికి పలుగు పట్టాడు.

తరువాతి ఆదివారం పెద్ద కీర్తన పాడేటప్పుడు బేస్ నిండుగా మోగింది. ఆరాధన ముగిశాక ఆ పెద్దామె క్వయరు దగ్గరకు వచ్చి, గిటారుమీద చెయ్యివేసి, "ఇది కొత్తదా బాబూ?" అని అడిగారు.

"కాదు మామ్మా, మీరిచ్చినదే" అన్నాడు కుర్రవాడు. గిటారు త్రిప్పి వెనుక రేకు చూపించాడు. ఆమెకు చదువు రాదు. అతడే చదివి వినిపించాడు.

దేవుడు మోషేను పిలిచినప్పుడు కొత్త కర్ర ఏదీ ఇవ్వలేదు, గొఱ్ఱెలు కాచుకునే కర్రనే వాడుకున్నాడు. తలాంతుల ఉపమానంలో ఒక్క తలాంతు పొందినవాడు భయపడి దానిని భూమిలో పాతిపెట్టాడు. మనమూ ఎన్నో వాటిని చవకవని పేరుపెట్టి సంచిలో కప్పిపెడుతున్నామేమో. గిటార్లనే కాదు, మనుషులను కూడా. తీగ వాద్యాలను నేర్పుతో వాయించమని 33వ కీర్తన మనలను ప్రోత్సహిస్తుంది. ఆ నేర్పులో వాద్యాన్ని బాగుగా ఉంచుకోవడం కూడా భాగమే. పిడికెడు పిడికెడుగా పొదుపు చేసిన వారి కానుకకు మనం చూపగల గౌరవమూ అదే.

ఈ వారం మీ ఆలయంలో ఆ సంచి ఒకసారి విప్పి చూడండి. ముందు గోడ ప్లగ్గులో మూడవ వైరు ఉందో లేదో చూసి, ఆ తరువాతే గిటారు తగిలించండి. ప్రభువు మీ చేతిపనిని దీవించును గాక.